ఒక్క కుర్చీ సెలూన్

"వాడు లేచిన కుర్చీలో నేను కూర్చోవాలా? నాకు వేరే కుర్చీ వెయ్యి."

"ఉన్నదే ఒక్కటి అన్నగారూ. కావాలంటే సోమవారం రండి."

"రేపు వాక్యం చెప్పేది నేను! ఈ గడ్డంతో నిలబడమంటావా?"

అరుస్తున్నది మా చర్చి సంఘపెద్ద. కొత్తవాళ్లను చేరదీయాలని పోయిన ఆదివారం చెబుతూ కళ్లు తుడుచుకున్నదీ ఆయనే. కత్తెర పట్టుకున్నది మా బాబాయ్. కుర్చీలో ఉన్నవాడు ఎవరో ఎవరికీ తెలియదు. బస్టాండు వైపు నుంచి వచ్చాడు. జుట్టు అట్టలు కట్టింది, గడ్డం గుండెల దాకా ఉంది.

బాబాయ్ గొప్ప భక్తుడేమీ కాదు. ప్రార్థనలో కునుకు తీస్తాడు, పాటలో శ్రుతి తప్పుతాడు. ఇరవై రెండేళ్లుగా ఆయన పాటించింది ఒక్కటే: బెంచీ మీదికి ముందు ఎవరొస్తే వాళ్లదే వంతు. పాస్టరుగారైనా, పిచ్చివాడైనా తెల్లగుడ్డ దులిపి కప్పి, "ఎలా కొట్టమంటారు సార్?" అంటాడు. ఇవాళ ఈ సార్‌నీ అడిగాడు. ఆయన చాలాసేపు ఆలోచించి, "ముందు కొంచెం ఉంచండి" అన్నాడు.

ఎదురుగా ఏసీ సెలూన్ వచ్చాక బాబాయ్‌కి మిగిలింది శనివారం సాయంత్రం వచ్చే సంఘం వాళ్లే. పెద్దాయన కదిలితే వాళ్లూ కదులుతారు. శనివారం పోతే దుకాణమే పోతుంది.

దుకాణం వెనకే ఇల్లు. పిన్ని తలుపు సందులోంచి, "జనం మీ దగ్గరికి గడ్డానికొస్తారు, మారుమనసుకి కాదు. ముందు పెద్దాయన్ని కానివ్వండి" అంది.

బాబాయ్ కత్తెర ఆగలేదు.

కాలేజీ మానేసినప్పటి నుంచి నా మకాం ఆ బెంచీ మీదే. ఊరుకోలేక, "అంకుల్, రేపటి వాక్యం ఇక్కడే చెప్పేశారు కదా!" అన్నాను. బెంచీ మీద వంతు కోసం కూర్చున్న ముగ్గురూ నవ్వారు. పెద్దాయన విసురుగా లేచి, రోడ్డు దాటి ఏసీ సెలూన్‌లో దూరాడు.

బాబాయ్ పటిక రాసి, చేతి అద్దంతో వెనక భాగం చూపించాడు. ఆ మనిషి తన మెడను తనే కాసేపు తడుముకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు.

"తర్వాత ఎవరు?"

నవ్విన ముగ్గురిలో ఒక్కరూ లేవలేదు. ఒకరు ఫోను తీశారు, ఇద్దరు రోడ్డు అవతలికి చూస్తున్నారు. నా గడ్డానికీ వారం దాటింది. నిజం చెప్పాలంటే, నా చూపు కూడా ఆ కుర్చీ చేతుల మీది జిడ్డు దగ్గరే ఆగింది.

బాబాయ్ బ్లేడు మార్చాడు. గుడ్డ దులిపాడు. నా వైపు తిరిగి, వాళ్లకు వినబడకుండా అన్నాడు:

"ఒరేయ్, నువ్వొచ్చి కాస్త కూర్చోరా."