ఆకలి కోసం కొండెక్కేవాళ్ల ఊరు

ముదిగుబ్బకు నాలుగు మైళ్ల దూరంలో ఒక పల్లె. ఆ పల్లెలో సుంకప్ప అనే గొర్రెల కాపరి ఉండేవాడు. నలభై ఏళ్లు దాటినా ధర్మవరం అవతల ఏముందో ఎరగడు. ఆయనకు అరవై గొర్రెలు, రామక్క అనే భార్య, అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పేసే నోరు ఉండేవి. మొదటి రెండూ ఆయన్ని పోషించాయి. మూడోది ఆయన్ని బల్గేరియా దాకా పోయివచ్చినా బాగుపడనివ్వలేదు.

1965 మొదట్లో ఆ తాలూకా గొర్రెల పెంపకందార్ల సంఘానికి ఒక పిలుపు వచ్చింది. బల్గేరియా వాళ్లు మన పెంపకందార్లను పిలిచి, తమ మందలు చూపించి, పది రోజులు మర్యాదలు చేసి పంపుతారట. సంఘం ప్రెసిడెంటు నారాయణప్ప. ఆయనకు శెనక్కాయల మిల్లు ఉంది, జీపు ఉంది, మద్యనిషేధ ప్రచార సంఘం అధ్యక్ష పదవి కూడా ఉంది. లేనిదల్లా గొర్రె ఒక్కటే. అలాంటి మనిషి గొర్రెల సంఘానికి పెద్ద కావడం ఎవరికీ వింతగా తోచలేదు. గొర్రెలున్నవాళ్లకు మీటింగులకొచ్చే తీరిక ఎక్కడిది?

వచ్చేవాళ్లలో ఒకడైనా మంద వెనక నడిచేవాడై ఉండాలని పిలిచినవాళ్లు గట్టిగా రాశారు. ఇంగ్లీషు మాట్లాడేందుకు పశువుల డాక్టరు వెంకటేశులు ఎలాగూ ఉన్నాడు. ఇక నోరు విప్పని కాపరి ఒకడు కావాలి. ఎవరితోనూ తగాదాకు పోని సుంకప్పను చూసి, వీడికి నోరు లేదని నారాయణప్ప లెక్కేసుకున్నాడు.

"ఏమప్పా సుంకప్పా, ఇమానం ఎక్కుతావా?"

"నేనెక్కితే జీవాల్నెవరు చూస్తారు సామీ?"

"మీ రామక్క చూస్తాదిలే. నువ్వు ఆడికొచ్చి కంబళి కప్పుకోని నిలబడు, సాలు."

అలా సుంకప్ప విమానమెక్కాడు. సోఫియా అనే పట్నంలో ఒక పూట ఉంచి, మర్నాడు బస్సులో కొండ మీదికి తీసుకుపోయారు. దారి పొడుగునా సూదుల్లాంటి ఆకుల చెట్లు. మే నెలలో కూడా శిఖరం మీద మంచు తెల్లగా మెరుస్తోంది. పైన చెక్కతో కట్టిన పెద్ద బంగళా. ఆ దేశంలో పని చేసి అలసినవాళ్లు అక్కడికొచ్చి తిని, తాగి, తిరిగి పోతారట. గొర్రెల ఫారాలు కొండకు అవతలి పక్కన ఉన్నాయి. చూడటానికి రేపు వెళ్దామన్నారు.

ఆ రాత్రి భోజనంలో నిప్పుల మీద కాల్చిన పొట్టేలు మాంసం, గొర్రెపాలతో చేసిన తెల్లటి జున్ను, గడ్డపెరుగు, గంపెడు రొట్టెలు పెట్టారు. తరువాత ఒక పిల్ల ఎర్రటి ద్రాక్షసారా కూజాతో వచ్చింది. నారాయణప్ప గుండెల మీద చెయ్యి పెట్టుకుని, మద్యం ముట్టమన్నట్టుగా తల అడ్డంగా ఊపాడు. ఆ పిల్ల సంతోషంగా గ్లాసు అంచు దాకా పోసింది.

వెంకటేశులు, ఇంగ్లీషు తెలిసిన అక్కడి దుబాసీని అడిగి తెలుసుకున్నాడు. "సార్, ఈడ అడ్డంగా ఊపితే కావాలని అర్థమంట."

నారాయణప్ప గ్లాసు వంక చూశాడు. ధర్మసంకటంలో పడ్డవాడిలా నిట్టూర్చాడు. "ఇంత ప్రేమగా పోసినాక తాగకుంటే వాళ్ల దేశాన్ని అవమానం చేసినట్లయితాది. ద్రాక్షపండ్ల రసమే కదప్పా!" అని గుటకేశాడు. ఆ పిల్ల మళ్లీ వచ్చింది. ఆయన మళ్లీ అడ్డంగా ఊపాడు. ఈసారి అర్థం తెలిసే ఊపాడు. మూడో రోజుకు ఆ తల ఎంత ఊగిందంటే, ప్రెసిడెంటు మెడ పట్టేస్తుందేమోనని సుంకప్ప దిగులుపడ్డాడు. తానూ ఒక గ్లాసు తాగి చూశాడు. నాలుక గరుకుదేలి, పెరుగు ఇమ్మని సైగ చేశాడు.

పొద్దున్నే బంగళాలోని వాళ్లంతా చేతికర్రలు పట్టుకుని కొండ ఎక్కుతుంటే, సుంకప్ప అంతుబట్టక వెంకటేశులును అడిగాడు.

"యాడికి పోతాండారు సార్ వీళ్లు?"

"యాడికీ లేదప్పా. ఎక్కి దిగితే ఆకలి బాగా అయితాదంట."

"ఆకలి కోసరం కొండెక్కుతారా?"

"ఊఁ."

"మా పక్క కూచున్న సోటికే వస్తాది గదా సార్!"

ఆ మాటను వెంకటేశులు దుబాసీకి చెప్పలేదు.

ఫారాల ప్రయాణం ఈ రేపటి నుంచి ఆ రేపటికి జరుగుతూ పోయింది. నాలుగో రోజు మధ్యాహ్నం అతిథులకు గుర్రాలు తెచ్చారు. నారాయణప్ప అప్పటికి నాలుగు గ్లాసులు పూర్తి చేసి ఉన్నాడు. తమ వంశంలో ఏడు తరాలు గుర్రాల మీదే తిరిగాయని చెప్పి ఎక్కి కూర్చున్నాడు. గుర్రం పది అడుగులు నడిచి, పచ్చిక కనిపించగానే తల వంచింది. ప్రెసిడెంటు దాని మెడ మీదుగా, పిల్లలు జారుడుబండ మీద జారినట్టు, నేలకు దిగాడు. చీలమండ బెణికింది. అప్పటినుంచి ఆయన కాలు దిండు మీద, గ్లాసు చేతిలో. నాయకుడే కదలలేకపోతే ఫారాలు చూసేదెవరని ఆ కార్యక్రమాన్ని కొట్టేశారు.

వెంకటేశులు ఆయనకు కాపలా కూర్చోవలసి వచ్చింది. సుంకప్పను పట్టించుకునేవాళ్లు లేరు. మరుసటి ఉదయం ఎక్కడో గంటల చప్పుడు వినిపిస్తే ఆయన ఆ వైపే నడిచాడు. గట్టు దాటగానే మంద. మంద పక్కన టోపీ ఉన్న మందపాటి ఉన్ని కంబళి కప్పుకున్న ముసలాయన. ఇద్దరూ ముందు ఒకరి కంబళిని ఒకరు పట్టి చూసుకున్నారు. ముసలాయన రొమ్ము తట్టుకుని "స్టోయాన్" అన్నాడు. ఈయన "సుంకప్ప" అన్నాడు. అంతటితో మాటలు అయిపోయాయి.

మందలో ఒక గొర్రె కుంటుతోంది. సుంకప్ప దాన్ని పట్టి, కాలు ఎత్తి, గిట్ట వాసన చూశాడు. లోపల చీము. ముసలాయన చాకు ఇచ్చాడు. సుంకప్ప మెత్తబడిన గిట్టను చెక్కి చీము పిండేస్తే, స్టోయాన్ ఏదో నూనె పోసి గుడ్డ కట్టాడు. గొర్రె నాలుగు అడుగులు వేసి మేతలో పడింది. ముసలాయన సంచిలోంచి రొట్టె, జున్ను తీసి సగం ఇచ్చాడు. బంగళాలో తిన్న మాంసం కన్నా ఆ రొట్టె సుంకప్పకు ఎక్కువ రుచించింది. మిగిలిన రోజులన్నీ ఆయన అక్కడే గడిపాడు. గొర్రెలు చూడటానికి పోయిన ముగ్గురిలో గొర్రెను చూసినవాడు ఆయనొక్కడే.

తిరిగొచ్చాక ముదిగుబ్బలో సన్మానసభ జరిగింది. నారాయణప్ప చేతికర్ర ఊని లేచాడు. మందల వెంట కొండలూ లోయలూ తిరుగుతుంటే కాలు జారిందన్నాడు. "మద్యం పోయబోయినారు. నేను తల అడ్డంగా ఊపినాను!" అనగానే చప్పట్లు మోగాయి. తరువాత, కాపరుల తరఫున నువ్వూ రెండు మాటలు చెప్పమని సుంకప్పను లేపారు.

"ప్రెసిడెంటు సామి చెప్పింది నిజమే. తల అడ్డంగానే ఊపినాడు. ఆడ అట్ల ఊపితే పోయమని అర్థం. పది దినాలూ ఊపినాడు."

జనం గొల్లుమన్నారు. వెనకనుంచి ఎవరో అరిచారు, "మరి కాలు యాడ ఇరిగె సుంకన్నా?"

"ఇరగలేదప్పా, బెణికింది. గుర్రం మీంచి పడినాడు. గుర్రం తప్పేమీ లేదు, అది గడ్డి తినేకి వంగె."

నవ్వినవాళ్లు ఆ రాత్రికి నవ్వారు. నెల తిరక్కుండానే సంఘం సమావేశమై, హద్దు మీరి మాట్లాడినందుకు సభ్యుల్లోంచి సుంకప్ప పేరు కొట్టేసింది. కడుపు పట్టుకుని నవ్వినవాళ్లే అందులో చేతులెత్తారు. నారాయణప్ప పోటీ లేకుండా మళ్లీ ప్రెసిడెంటు అయ్యాడు, మద్యనిషేధ సభల్లో మునుపటికన్నా గట్టిగా మాట్లాడాడు. మరుసటేడు ఇంకో దేశం పిలిస్తే, ఆయన అల్లుడు కొత్త కంబళి భుజాన వేసుకుని, ఫొటో దిగి, కాపరిగా వెళ్లాడు.

"నీ నోరు కుట్టేకి దబ్బనం దొరకలేదే నాకు!" అని రామక్క చాలా రోజులు సాధించింది. సంఘం నుంచి వచ్చే గొర్రెల మందు ఆగిపోయినందుకు మాత్రం సుంకప్ప బాధపడ్డాడు. చెప్పినదానికి కాదు.

ఆ ఏడు వానలు లేవు. ఆయన మందను తోలుకుని కళ్యాణదుర్గం వైపు పోయాడు. దారిలో ఎవరైనా ఆపి, "బల్గేరియా పోయొచ్చినావంట గదన్నా, ఎట్లుండాది ఆ సీమ?" అని అడిగితే, సుంకప్ప చెప్పేవాడు.

"గడ్డి బాగుండాదప్పా. మోకాలి దాకా ఉండాది."

అని, ముందుపోయిన మందను అందుకోవడానికి అడుగు పెద్దది చేసేవాడు.