మిస్ మహిషి మీద తిరుమలగిరి వారి అభిప్రాయం

రాఘవేందర్ కొట్లోంచి సీడీ అద్దెకు తెచ్చుకోవడానికి ధైర్యమేమీ అక్కర్లేదు. తిరిగి ఇవ్వడానికే గుండె చిక్కబట్టుకోవాలి. ఎందుకంటే ఆ మహానుభావుడు అభిప్రాయం చెప్పందే సీడీ వాపసు తీసుకోడు.

తిరుమలగిరిలో మిలిటరీ క్వార్టర్స్ దాటి, బస్టాపు వెనక సందులోకి తిరిగితే ఆయన వీడియో లైబ్రరీ. ఊళ్ళో సగం మంది కంప్యూటర్ కోర్సుల్లో చేరుతూ, మిగతా సగం మంది చేరమని సలహాలిస్తూ ఉన్న రోజులవి. కొట్టు ముందు ఒక బల్ల, బల్ల మీద ఎర్ర ఫోను, ఫోను వెనక రాఘవేందర్. యాభై దాటిన మనిషి, ముక్కు చివర కళ్ళజోడు, సీడీలు తుడవడానికి భుజం మీద మెత్తటి పాత బట్ట.

"ఎట్లున్నది సినిమా?" అని మొదలుపెడతాడు.

"బాగుంది అన్నా," అన్నాడు ఒకసారి బ్యాంకు రామకృష్ణ, సీడీ బల్ల మీద పడేసి జారుకుందామని.

"బాగుంది అంటే?"

"అంటే... బాగానే ఉంది."

"నీకు బాగుందా, మీ ఇంటామెకు బాగుందా? ముందుగాల బాగుందా, ఎనక బాగుందా?"

"ఇంటర్వెల్ దాకా చూసినా. తర్వాత నిద్రపోయినా."

"గట్ల చెప్పు! నిద్ర అంటే అది అభిప్రాయం. ఏ సీన్‌ల పట్టింది?"

రామకృష్ణకి గుర్తు రాలేదు. సీడీ మళ్ళీ ఇంటికి మోసుకెళ్ళాడు. రెండోసారీ అదే చోట నిద్ర పట్టింది. మూడోసారి తీసుకెళ్ళేసరికి ఆ హీరో గొంతు వినబడితే చాలు, వాళ్ళావిడ లోపలికెళ్ళి తలుపేసుకునేది.

సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు మోటారు సైకిలు దిగకుండానే "సూపర్ అన్నా!" అని అరిచి పారిపోవాలని చూసేవారు. "ఆగుండ్రి! సూపర్ అని సబ్బు పొడి ప్యాకెట్ మీద సుత ఉంటది. సినిమా సంగతి చెప్పుండ్రి," అంటూ బండి తాళం లాక్కునేవాడు రాఘవేందర్. ఒకడైతే సీడీ కొట్టేశాడు. రాఘవేందర్ వాణ్ణి వెతుక్కుంటూ యాప్రాల్ దాకా వెళ్ళి ఇంట్లో పట్టుకున్నాడు. వాడు కాళ్ళ మీద పడబోతే, "లే బిడ్డా, సీడీ నువ్వే ఉంచుకో. ఎట్లుందో చెప్పు, నేను పోత," అన్నాడట. వాడు చెప్పలేక సీడీ తిరిగి ఇచ్చేశాడు.

ఈ కొట్టు పైన గదిలో అద్దెకుండేవాడు కల్యాణ్. విజయనగరం నుంచి వచ్చిన పాతికేళ్ళ కుర్రాడు. సికింద్రాబాద్‌లో ఒక యానిమేషన్ కంపెనీలో బొమ్మలు గీసేవాడు. ఆ కంపెనీ పని విదేశాల కార్టూన్లకి రంగులద్దడం. ఒక ఏడాది యజమాని మధుసూదన్‌కి ఎందుకో మనమూ సొంతంగా ఒకటి తీద్దామని బుద్ధి పుట్టింది. అలా పుట్టిందే 'మిస్ మహిషి'. కాల్‌సెంటర్‌లో ఉద్యోగం చేసే గేదె కథ. కొమ్ములకి హెడ్‌సెట్ తగిలించుకుని, వాషింగ్ మెషీన్ ఎలా తిప్పాలో దొరలకి ఫోన్లో చెబుతుంది. విసుగొస్తే ఆఫీసు గేటు దగ్గర బురదగుంటలో పడుకుంటుంది. ఆ గేదెని తోక దగ్గర్నుంచి కనురెప్పల దాకా గీసింది కల్యాణే.

దాన్ని టీవీ వాళ్ళు ఆదివారం తెల్లారగట్ల వేశారు. ఆ వేళకి పాలవాళ్ళు తప్ప లోకంలో మెలకువగా ఉండేదెవరు? ఆరు భాగాలు కాగానే తీసేసి ఆ చోట రంగురాళ్ళ ఉంగరాల కార్యక్రమం పెట్టారు. మధుసూదన్ ఉసూరుమని, ఆ ఆరు భాగాల్నీ సీడీల పెట్టెగా చేసి ఊళ్ళో కొట్లకి పంచాడు. "ఒక నెల చూద్దాం. జనం ఏమంటారో చూసి, ఏమీ అనకపోతే మళ్ళీ రంగులద్దుకుందాం," అన్నాడు.

అటు కల్యాణ్ అక్క మొగుడు పైడిబాబు ఊపిరాడనివ్వడం లేదు. ఆయన మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో ఉన్నాడు. అంటే డాక్టర్లు గొణిగింది విని టైపు కొట్టే పని. "ఒరే, ఎన్నాళ్ళురా ఈ గేదిల బొమ్మలు? సోమవారం నుంచి కొత్త బ్యాచి. ఏసీ గది. వచ్చి కూకోరా," అనేవాడు. కల్యాణ్ మనసులో ఒక లెక్క వేసుకున్నాడు. ఈ నెలలో తన గేదె ఒక్కరికి నచ్చినా ఉండిపోవాలి, లేకపోతే ఇక జన్మలో పెన్సిలు ముట్టుకోకూడదు. గీసింది తనేనని మాత్రం తిరుమలగిరిలో ఎవరికీ చెప్పలేదు. రాఘవేందర్‌కి తెలిస్తే ఏమైనా ఉందా!

పెట్టె రాఘవేందర్ కొట్లోకి వచ్చింది. కల్యాణ్ రోజూ ఆఫీసు నుంచి రాగానే వేరే సినిమా వెతుకుతున్నట్టు దాని ముందు నిలబడేవాడు. మొదటి వారం దాని మీద ఒక్క చెయ్యీ పడలేదు. తర్వాత ఏమైందో గాని, రాఘవేందర్ ఎవరే సినిమా అడిగినా దాని మీద ఈ పెట్టె పెట్టి ఇవ్వడం షురూ చేశాడు.

"ఇదేందన్నా? నేను ఫైటింగ్ సినిమా అడిగినా."

"ఇది సుత తీస్కపో. ఊకెనే ఇస్తున్న. కానీ అభిప్రాయం రెండిటికీ చెప్పాలె."

అక్కణ్ణుంచి కల్యాణ్‌కి కష్టాలు మొదలయ్యాయి. అభిప్రాయాలు వచ్చి పడ్డాయి. ఒక్కటీ చెవికింపుగా లేదు.

మిలిటరీలో హవల్దారుగా చేసి రిటైరైన తుకారాం పెట్టెని బల్ల మీద దబ్బున కొట్టాడు. "డిసిప్లిన్ లేదు! డ్యూటీ మీద ఉండి బురదల పండుకుంటదా? మా కాలంల అయితే కొమ్ములు పట్టి పరేడ్ చేపిస్తుంటిమి!"

"ఇంకేం బాగలేదు?" అన్నాడు రాఘవేందర్, పాయసం వడ్డించమన్నట్టు.

"ఆ మేనేజర్ మంచోడు కాదు. ఆమె లీవడిగితే ఇయ్యడు."

బజ్జీల బండి లచ్చమ్మ చెంగు బిగించి వచ్చింది. "ఏందయ్యా, బర్రెకు గంత సన్న నడుమా? ఎవడు గీసిండు ఆన్ని? బర్రెను ఎన్నడన్న సూసిండా?"

స్టూలు మీద కూర్చున్న కల్యాణ్ చేతికందిన సీడీ డబ్బా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"నడుం సన్నబడక ఏటవుతాది లచ్చమ్మా?" అంది పక్క వీధి కనకలక్ష్మి. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఇల్లాలు. "నాను ఆరూ చూసినాను. పొద్దుట్నుంచి ఫోన్లెత్తడమే గాని, అది ఒక్కసారైనా అన్నం తిన్నాదేటి? ఒక డబ్బా లేదు, క్యారేజీ లేదు. దాని ముందర నాను భోంచెయ్యలేక టీవీ ఆపీసినాను."

 కొట్టంతా ఒక్కసారిగా లేచింది. నిజమే, తినలేదు! టీ కూడా తాగలేదు! ఎవడయ్యా ఆ మేనేజరు, నోరు లేని జీవాన్ని మాడుస్తాడా? రాఘవేందర్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "చెప్పుండ్రి, ఇంకా చెప్పుండ్రి," అంటున్నాడు.

కల్యాణ్ మెల్లగా లేచి పైకి వెళ్ళిపోయాడు. ఈ మనిషికి నా మీద ఏం పగ? ఆ పెట్టె మానాన అది దుమ్ము కొట్టుకుని ఉండేది కదా! ఇంటింటికీ పంపి, పిలిపించి మరీ తిట్టిస్తాడేమిటి? ఇలా వారం గడిచేసరికి అతనికి సున్నం కొట్టిన గోడ చూసినా గేదె కనిపించడం, ఆ గేదె తనని తిట్టడం మొదలైంది. శుక్రవారం సాయంత్రం పైడిబాబుకి కబురు పెట్టాడు, సోమవారం వస్తానని.

శనివారం ఆ మాట మధుసూదన్‌కి చెప్పేద్దామని ఆఫీసులో అడుగుపెడితే, ఎప్పుడూ వెనక గదిలో బొమ్మల మీద వంగి ఉండే జనమంతా రిసెప్షన్ బల్ల చుట్టూ మూగి ఉన్నారు. మధ్యలో రిసెప్షనిస్టు డోరా, ఆమె ముందు ఫోను, ఫోనుకి స్పీకరు.

"ఏమైంది డోరా?"

"ష్! తిరుమలగిరి లైన్లో ఉంది. వారం నుంచీ రోజూ చేస్తున్నారు ఈయన. మీ వెనక గదికి వినపడదులే. ఇవాళ నేనే అందర్నీ పిలిచాను."

స్పీకర్లోంచి బాగా తెలిసిన గొంతు గరగరలాడింది. "మేడం, రోజు నేనే చెప్తుంటి. ఇయ్యాల మందితోటే మాట్లాడిపిస్త. మీ సారున్నడా?"

లేనని చెప్పమని మధుసూదన్ రెండు చేతులూ ఊపాడు. డోరా, "పక్కనే ఉన్నారండీ," అంది.

ముందు తుకారాం వచ్చి మేనేజర్ని కోర్టుమార్షల్ చెయ్యమన్నాడు. లచ్చమ్మ నడుం సంగతి తేల్చమంది. తర్వాత కనకలక్ష్మి అందుకుంది.

"ఏమండీ, దానికి అన్నం ఎప్పుడెడతారు?"

"అమ్మా, అది బొమ్మ," అన్నాడు మధుసూదన్.

"బొమ్మయితే మాత్రం ఆకలెయ్యదేటి?"

మధుసూదన్ ఎంబీయే చదివినవాడు. ఈ ప్రశ్నకి అక్కడ జవాబు చెప్పి ఉండరు. "సీరియల్ ఆపేశాం కదమ్మా..." అని నసిగాడు.

"ఆపితే మళ్ళీ మొదలెట్టండి. అన్నమెట్టి అప్పుడాపండి. కడుపు మాడ్చి ఆపుతారేటండీ ఎవరైనా? మాటివ్వండి, అందాకా మేం ఫోను పెట్టం."

వెనక నుంచి "పెట్టం, పెట్టం" అని తిరుమలగిరి వారి కేకలు. మధుసూదన్ చుట్టూ చూశాడు. తన దగ్గర పనిచేసేవాళ్ళు ఒక్కరూ తన వైపు లేరు. "తింటుందమ్మా," అన్నాడు చివరికి. "ఏడో భాగం తీస్తాం. తింటుంది." అవతల దీపావళి మోగింది.

ఆ గోల సద్దుమణిగాక రాఘవేందర్ గొంతు తగ్గించాడు. "సార్, ఒక ముచ్చట. జెర స్పీకర్ బంజెయ్యుండ్రి."

ఫోను కొత్తది. ఏ బటన్ నొక్కాలో డోరాకి తెలియదు, మధుసూదన్‌కీ తెలియదు. ఇద్దరూ తడుముకుంటుండగానే ఆయన చెప్పుకుపోయాడు.

"ఆ బర్రెను గీసిన పోరడు మా మీది రూముల ఉంటడు. కల్యాణ్ అని. ఎవలకు చెప్పుకోడు. ఆఖరుకు పేర్లు పడ్తయి గదా సార్, నేను అవి సుత సూస్త. ఆ డబ్బ ముంగట రోజొచ్చి నిలబడ్తుండె, ఎవలన్న ముట్టుకుంటరేమో అని. ముట్టుకోకపోతే మొఖం గింతై పోతుండె. నాకు సూడబుద్ది కాలే. అందుకే అందరికీ అంటగట్టిన. ఇప్పుడు మంది తిడ్తుంటే పరేషాన్ అయితుండు. సూడనోడు బాగుందంటడు, కడుపుల పెట్టుకున్నోడే తిడ్తడు. గా సంగతి పోరనికి తెల్వది. మీరే జెర చెప్పుండ్రి. నేను ఫోన్ చేసిన్నని మాత్రం అనకుండ్రి."

"అన్ని సినిమాలకీ ఇలాగే ఫోన్లు చేస్తారా మీరు?" అన్నాడు మధుసూదన్.

"చేస్త సార్. చేసినోడు ఎక్కడ్నో ఒక్కడు కూసుంటడు గదా, మంది ఏమన్నరో తెల్వక. శానమంది ఫోన్ పెట్టేస్తరు. మీ మేడం ఒక్కతే మొత్తం విన్నది."

డోరా పమిటతో కళ్ళు ఒత్తుకుని నవ్వింది. అందరూ కల్యాణ్ వైపు తిరిగారు. అతనికి ఏడుపూ నవ్వూ ఒకేసారి తోసుకొచ్చాయి. ఇన్నాళ్ళూ ఆ మనిషిని పగవాడనుకున్నందుకు సిగ్గేసింది, అంతకు పదింతలు సంతోషమేసింది.

"నువ్వేదో చెప్పాలని వచ్చినట్టున్నావు?" అన్నాడు మధుసూదన్.

"ఏం లేదు సార్," అన్నాడు కల్యాణ్. "గేదెకి ఆకలేస్తోందట. పని మొదలెడతాను."

సాయంత్రం కొట్టుకి వెళ్ళేసరికి రాఘవేందర్ ఏమీ ఎరగనట్టు ఒక సీడీని బట్టతో తుడుస్తున్నాడు.

"అన్నా, పొద్దున ఆఫీసులో మీ ఫోను..."

"ఏ ఫోను? నేనెందుకు చేస్త ఫోను? నాకేం పని లేదా?" అంటూ ఇంకా గట్టిగా తుడిచాడు. అప్పుడే బల్ల మీది ఎర్ర ఫోను మోగింది. కల్యాణ్‌కి ఎవరైనా చెయ్యాలంటే ఆ నంబరుకే చెయ్యాలి. ఆయన మాట్లాడకుండా రిసీవరు అందించాడు. అవతల పైడిబాబు.

"ఒరే, సోమవారం ఎనిమిదికల్లా వచ్చీ."

"రాను బావా. ఏడో భాగం తీస్తున్నాం. గేదెకి క్యారేజీ గియ్యాలి."

తిట్లు పడతాయని కల్యాణ్ రిసీవరు చెవికి కొంచెం దూరంగా పెట్టుకున్నాడు. 

"మీ అక్క ఆ సీడీలు చూసిన కాణ్ణుంచి అంటానే ఉంది," అన్నాడు పైడిబాబు. "పాపం అది తినడం లేదని. ఏం కూరెడతన్నావు?"

కల్యాణ్ అంత దూరం ఆలోచించలేదు. "బెండకాయ," అన్నాడు నోటికొచ్చింది.

రాఘవేందర్ చేతిలో బట్ట ఆగిపోయింది. ఊరందరినీ అడగడమే గాని, తనేమనుకుంటాడో ఎవరికీ ఒక్కనాడూ చెప్పని మనిషి. ఆ రోజు మాత్రం ఉండబట్టలేక కుర్చీలోంచి లేచాడు.

"బెండకాయనా? నీకేమన్న దిమాక్ ఉందా? ఆఫీసుల జిగురు జిగురు అయితది, కీబోర్డంత ఖరాబైతది! పప్పు పెట్టు, పప్పు. మామిడికాయ వేసి."