చిప్పు మీద బొటనవేలు

మంచి జరిగినా ముందు అనుమానంగా చూసే వయసొకటి ఉంటుంది. నాకది ఎంటెక్ రోజుల్లో వచ్చింది (ఇంకా పోలేదని మా ఆవిడ అంటుంది). తప్పు నాది కాదు, మా ఇంటిది. మునగాల దగ్గర గొర్రెలు సాకే కుటుంబం మాది. సూర్యాపేట సంతలో గొర్రె ఎంత బొద్దుగా కనిపించినా నాయిన నమ్మేవాడు కాదు. పొద్దున్నే ఉప్పు నాకించి, కడుపు నిండా నీళ్లు తాగించి తెచ్చారని ఆయన అనుమానం. నడుము మీద బొటనవేలితో గట్టిగా నొక్కి చూశాకే బేరం మొదలుపెట్టేవాడు.

అలాంటి ఇంట్లోంచి వెళ్లి కోదాడ కాలేజీలో నేను పట్టుకున్న ప్రాజెక్టు, ఉపరితల ధ్వని తరంగాల ఫిల్టర్‌కు బ్యాండ్‌విడ్త్ పెంచడం. సెల్‌ఫోన్ లోపల గోరులో సగం కూడా లేని స్ఫటికం ఒకటి ఉంటుంది. సిగ్నల్ దాని మీద అలగా మారి పాకి, అవతలి ఒడ్డున మళ్లీ సిగ్నల్ అవుతుంది. కావలసిన ఫ్రీక్వెన్సీలు దాటిపోతాయి, మిగతావి ఆగిపోతాయి. ఆ పోనిచ్చే దారి ఇరుకు, దాన్ని వెడల్పు చేయాలి. స్ఫటికం మీది వెంట్రుకకన్నా సన్నని అల్యూమినియం గీతలు ఎంత తక్కువైతే దారి అంత వెడల్పని వాటి సంఖ్య తగ్గించి, హైదరాబాదులో ఒకే ఒక్క చిప్పు చేయించుకొచ్చాను. తెల్లారితే పరీక్షకు బయటి సారు వస్తాడనగా, ఆ సాయంత్రం మీటరు తెర మీద గ్రాఫు వచ్చింది. నేను లెక్కగట్టినంత వెడల్పుగా వచ్చింది.

సంతోషించాలి కదా, నేను తప్పెక్కడుందో వెతకడం మొదలుపెట్టాను. ముందు నా పక్క బెంచీవాడిని అనుమానించాను. మిర్యాలగూడ రైసుమిల్లువాళ్ల అబ్బాయి, మేం ‘బియ్యం’ అనేవాళ్లం. వైర్లు మార్చాడేమోనని అడిగితే అమ్మతోడు అన్నాడు. తర్వాత మీటరును, చివరికి చిప్పునే అనుమానించాను. సిగ్నల్ స్ఫటికం మీద పాకకుండా ఒక తీగ నుంచి ఇంకో తీగకు గాల్లోనే దూకితే? అప్పుడూ గ్రాఫు వెడల్పుగానే కనబడొచ్చు. దానికో పరీక్ష ఉంది. స్ఫటికం మీద మెత్తటి మైనం ఆనిస్తే నిజమైన అల ఆగిపోతుంది, దొంగ సిగ్నల్ ఆగదు.

“వచ్చింది గదరా, ఇగ ముట్టకు. రేపు సారు సూసినంక ఏమన్న చేసుకో,” అన్నాడు బియ్యం. ఇంతగా నచ్చజెబుతుంటే వాడి మీద నాకు అనుమానం ఇంకా పెరిగింది. మైనం ఊరికే ఆనించాలి. కానీ నా బొటనవేలు నాయిన బొటనవేలు, సంతలో నొక్కినట్టే నొక్కేసింది. గ్రాఫు నేలమట్టమైంది. అల నిజమేనని ఎగిరి గంతేశాను. మైనం తీస్తే గీతలు కూడా దానితోపాటే ఊడొచ్చాయి.

మర్నాడు వచ్చిన సారు నాకన్నా అనుమానం మనిషి. మైనానికి ముందూ తర్వాతా వచ్చిన గ్రాఫులను మార్చి మార్చి చూశాడు. చిప్పును సూక్ష్మదర్శిని కింద పెట్టి చాలాసేపు తల ఎత్తలేదు. నా రెండేళ్ల చదువు ఆ వంగిన మెడ మీద ఉంది. చివరికి, “దొంగదైతే మైనానికి చచ్చేది కాదు. నువ్వు చంపావు కాబట్టే నమ్ముతున్నాను,” అన్నాడు.

ఇంటికెళ్లి చెబితే నాయిన చాలాసేపు నవ్వాడు. “గొర్రె మంచిదా కాదా అని కోసి సూసినవా, బిడ్డా?”

పాసయ్యాను. కానీ నా చేతుల్లో పుట్టిన మంచి పని గంటసేపైనా బతకలేదు, బతికినంతసేపూ నేను సంతోషించలేదు, గంతేసింది అది పోయాకే. అప్పటి నేను, ఆ కుర్రాడు, ఇప్పుడు కనబడితే చెయ్యి పట్టుకుని, కాసేపు కూర్చుని ఆ గ్రాఫును చూసుకోరా అని చెప్పాలని ఉంది. నేనెవరినో, ఎందుకు చెబుతున్నానో తేల్చుకునేదాకా వాడు కూర్చోడు.