అతను సొంతంగా రాసిన మెసేజ్

గుడివాడలో బందరు బస్సెక్కాను. పక్క సీట్లో ముప్ఫయ్యేళ్ల కుర్రాడు ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని, మోచేత్తో నన్ను పొడుస్తున్నాడు.

"ఆఫీసంతా బస్సులోనే పెట్టావా బాబూ?" అన్నాను.

"నేనేం చెయ్యట్లేదండీ. కోడ్ రాసేది ఏఐ ఏజెంట్లే. నేను చూస్తుంటానంతే."

"మరి నువ్వెందుకు?"

నవ్వలేదు. లాప్‌టాప్ మూసి తనే చెప్పాడు. ఇంటి మెసేజ్‌లకు తనలాగే జవాబులిచ్చే ఏఐ అసిస్టెంట్‌ను సరదాకి తయారుచేసుకున్నాడట. బందరులో, పుట్టింట్లో ఉన్న భార్యకు కడుపు పోయిన రోజున ఇతను మీటింగులో ఉంటే, ఆమెను ఓదార్చింది అదేనట. అవి ఇతను రాసినవే అనుకుని, ఆ మాటలే తనను నిలబెట్టాయని ఆమె ఇప్పటికీ అంటుందట. ఇప్పుడు ఆమెను తీసుకురావడానికే వెళ్తున్నాడు.

"నిజం చెప్పెయ్. ఏడుస్తుంది, తిడుతుంది, అంతేగా!" అని దబాయించాను.

"చెబితే ఆ మాటలు కూడా ఉండవు కదండీ తనకి."

"అయితే ఇకనుంచైనా నువ్వే రాయి. ఇప్పుడే, నా ఎదురుగా."

అతను ఫోన్‌లో అసిస్టెంట్‌ను ఆపి, రాసి చెరిపి, రాసి చెరిపి, పెడన దాటాక "బస్సులో ఉన్నా. వస్తున్నా" అని పంపాడు.

వెంటనే జవాబొచ్చింది. ఫోన్ నావైపు తిప్పాడు.

"ఏమైందండీ? నామీద కోపమా?"

అతను అసిస్టెంట్‌ను మళ్లీ ఆన్ చేశాడు. అది టకటకా నాలుగు వాక్యాలు రాసి పంపింది. అతను చదవనైనా లేదు.

బందరులో దిగేసరికి ఆమె బస్టాండుకే వచ్చింది. ఫోన్ చూసుకుంటూ నవ్వుతోంది. అతను వెళ్లి ఎదురుగా నిలబడ్డాక కూడా, కాసేపు ఫోన్‌నే చూసింది.