వెంకటేశప్ప కట్టిన జెండా

జూజువాడిలో లారీ సరుకు మీద టార్పాలిన్ పరిచి తాడు బిగించాలంటే వెంకటేశప్పే రావాలి. ఆయన ముడి వేస్తే గాలి, వాన, దొంగ ముగ్గురూ ఓడిపోతారు. విప్పేవాళ్ళూ ఓడిపోతారు. అందుకే ఆయన ముడిని ఎవరూ విప్పరు, కోసేస్తారు. పెళ్ళిలో ఆయన వేసిన మూడు ముళ్ళ సంగతెత్తితే భార్య మునిలక్ష్మమ్మ ఇప్పటికీ నిట్టూరుస్తుంది.

ఇన్ని కట్టినా ఆయనకొక దిగులు. లారీతోపాటే ముడీ వెళ్ళిపోతుంది, మెచ్చుకునేవాడు మిగలడు. ఊరంతా చూసే ముడి ఒక్కటే, గణతంత్ర దినానికి అంగళ్ల సంఘం ఎగరేసే జెండాది. దాన్ని ఏటా కట్టేది కుమారేశన్, ఫ్యాక్టరీ గేటులో కాపలా కాసి రిటైరైనవాడు. ఈ జనవరిలో ఆయన మోకాలు మొరాయించింది. వెంకటేశప్ప వాళ్ళింటికి పరుగెత్తాడు.

“ఈ తూరి నేను కడతానప్పా.”

“జెండా అంటే ఉల్లిగడ్డల లోడనుకుంటివా?” అన్నాడు కుమారేశన్. “సరి, కట్టు. అది విచ్చుకోలేదంటే మళ్ళా జెండా కంబం పక్కకు రాకూడదు.”

ఆ మాట ఊరి చివరి చెక్‌పోస్టు దాకా పాకింది. గణతంత్ర దినం పొద్దున చలిలో వెంకటేశప్ప మడతల్లో గులాబీ రేకులు పోసి, జెండాను మూటగట్టి కంబం కొసకు పంపాడు. లాగితే జారిపోయే ముడి వెయ్యాలని ఆయనకు తెలుసు. ఆయన చేతులకు తెలియదు.

ముఖ్య అతిథి, లారీలు తూచే వేబ్రిడ్జి యజమాని ఉపేంద్ర తాడు లాగాడు. మూట కదల్లేదు. మళ్ళీ లాగాడు. కంబం ఊగింది. తాడు లాగగానే పాడమన్నారని మా పక్కింటి పిల్ల మోనిషా జాతీయ గీతం ఎత్తుకుంది. ఇక అందరూ బిగుసుకుని నిలబడాల్సిందే. పైన మూట, కింద మేము. నవ్వు ఆపుకోలేక నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. చూసినవాళ్ళు దేశభక్తి అనుకున్నారు.

పాట కాగానే మూటను దించారు. “బ్లేడు తెండప్పా!” అని అరిచాడు ఉపేంద్ర.

వెంకటేశప్ప మూటను గుండెకు అదుముకున్నాడు. “జెండా దగ్గర బ్లేడు పెట్టేది లేదు. నేనే ఇప్పుతాను.”

ఆయన గోళ్ళతో తంటాలు పడుతుంటే, బడిలో పాఠాలు చెప్పినవాణ్ణని నాకు మైకిచ్చారు. మామూలుగా నేను మైకందుకుంటే కుర్చీలు ఖాళీ అవుతాయి. జెండా ఎగరందే లడ్డూలు పంచరు గనక ఆ రోజు ఒక్కరూ కదల్లేదు. కాషాయం త్యాగానికి, తెలుపు సత్యానికి, ఆకుపచ్చ పైరుపచ్చకు అని ఊపందుకున్నాను. మొదట్లో మధ్యన రాట్నం ఉండేదనీ, తర్వాత అశోకుడి చక్రం వచ్చిందనీ చెప్పాను.

“రాట్నం ఏంటికి తీసేసిరి అయ్యవారూ?” అంది మునిలక్ష్మమ్మ.

“అది ఒక పక్క సరిగ్గా, ఇంకో పక్క తిరగబడి కనిపిస్తుందమ్మా. చక్రమైతే ఏ పక్క చూసినా ఒకటే.”

“అట్లంటే మా ఆయన మాదిరి. ముందర చూసినా మొండే, ఎనక చూసినా మొండే.”

అంతలో “వచ్చింది!” అని కేక. వెంకటేశప్ప గోరు విరిగింది, ముడి వీడింది. మళ్ళీ కట్టాడు, ఈసారి భయంతో మరీ వదులుగా. పైకి పంపుతుండగా సగం ఎత్తులోనే జెండా విచ్చుకుంది. రేకులన్నీ ఉపేంద్ర నోట్లో, నెత్తిన. జెండా మాత్రం రెపరెపలాడుతూ కొసకు చేరింది. గణతంత్ర దినాన పైన కట్టి విప్పుతారు, ఆగస్టులో కిందనుంచి ఎగరేస్తారు. వెంకటేశప్ప ఒక్కరోజులోనే రెండు పండుగలూ కానిచ్చాడు.

“మళ్ళా పాడల్లా తాతా?” అంది మోనిషా.

“పాడమ్మా. ఇప్పుడు పైన జెండా ఉండాది,” అన్నాను.

పాట ముగిశాక వెంకటేశప్ప తల వంచుకుని కంబం నుంచి దూరంగా జరిగి, వెనక కుర్చీలో మోకాలు చాపుకుని కూర్చున్న కుమారేశన్ దగ్గరికి వెళ్ళాడు. “మాటంటే మాటే కుమారేశా. ఇంక ఈడికి రాను.”

“నిలువప్పా! ఆగస్టుకూ నువ్వే కట్టు. నేను ముందర కుర్చీ ఏసుకుంటాను.”

“నా ముడి చూసేదానికా?”

“నీ ముడి ఎవురికి కావల్లప్పా? ఉపేంద్ర మొగం చూసేదానికి!”