పెద్దమ్మ కొట్టుగదిలో జెర్రిపోతు

మొన్న ఉదయం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. కార్లు పెట్టే చోట కర్రకు వేలాడుతున్న చచ్చిన పాము, పక్కన పళ్లికిలిస్తున్న సెక్రటరీ. కింద వరసగా చప్పట్ల బొమ్మలు. కళ్లజోడు సవరించుకుని చూశాను. జెర్రిపోతు. విషమన్నది లేకుండా ఎలుకల్నీ కప్పల్నీ తిని బతికే ప్రాణి. దాన్ని చంపి ఫోటో దిగిన వీరుల్ని చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఈ మంట ఇవాళ్టిది కాదు, అరవైల నాటిది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో కృష్ణా జిల్లా నుంచి హైదరాబాదు వచ్చి, అబిడ్స్‌లో ఒక కళ్లద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసే పనిలో చేరాను. నాంపల్లిలో ఒక పాత ఇంటి వెనక గది అద్దెకు దొరికింది. ఇంటావిడ తరతరాలుగా అక్కడి మనిషి, భర్త పోయాడు. అందరం పెద్దమ్మ అనేవాళ్లం. పెరట్లో ఆమె కొట్టుగది. ఏడాదికి సరిపడా బియ్యం, కందిపప్పు బస్తాలు, చింతపండు కుండలు, వాటి మధ్య ఒక జెర్రిపోతు కాపురం. పెద్దమ్మ తలుపు తీసే ముందు మూడుసార్లు చప్పట్లు చరిచి, "జర పక్కకు జరుగు, వస్తున్న" అనేది. లోపల సరసరమని చప్పుడయ్యేది. ఆమె వెళ్లి పప్పు కొలుచుకుని వచ్చేది. మొదటిసారి చూసినప్పుడు నేను పరుగున అరుగెక్కాను. "ఏంది గట్ల ఉరుకుతవ్? నీ తీరుగనే అది గూడ నా ఇంట్ల ఉంటది. కిరాయి ఇయ్యదు గని ఎలుకను ఉండనియ్యదు. నువ్వు కిరాయి ఇస్తవ్, ఒక్క ఎలుకనన్న పడితివా?" అంది.

సాలెపురుగుల సంగతీ అంతే. పైమూలల్లో అరచేయంత సాలెపురుగులుండేవి. బొద్దింకల్ని అవే చూసుకుంటాయని చీపురును అక్కడిదాకా పోనిచ్చేది కాదు. ఒకసారి అద్దం ముక్క గీసుకుని నా వేలు తెగితే, సాలెపురుగు గోడకు అల్లిన తెల్లటి బిళ్ల ఒలిచి గాయానికి అంటించింది. రక్తం కట్టింది. ఈ వైద్యం డాక్టర్లు ఒప్పుకోరని తెలుసు. ఒప్పుకోకపోతే పోనీ, వేలు నాది.

నా బడి చదువు ఐదో తరగతితో ఆగింది. మిగిలిందంతా ఆదివారాలు అబిడ్స్ పేవ్‌మెంటు మీద కొనుక్కున్నదే. అట్ట ఊడిన ఒక ఇంగ్లీషు పాముల పుస్తకం దొరికితే, డిక్షనరీ పక్కన పెట్టుకుని నాలుగు నెలలు కూర్చుని చదివాను. జెర్రిపోతుకు విషం లేదనీ, నాగుపాముతో దానికి ఏ సంబంధమూ లేదనీ తెలుసుకుని, ఏదో కనిపెట్టినవాడిలా పెద్దమ్మకు చెప్పాను. "గీ ముచ్చటకు నాలుగు నెలలా? నన్నడిగితే చెప్పకపోదునా!" అని నవ్వింది. కానీ ఆ రోజు నుంచి నా మీద ఆమెకు గురి కుదిరింది.

ఆ ఏడే ముందు వాటాలోకి ఒక లెక్చరరు దిగాడు. మా వైపువాడే, ఎం.ఏ. వెంట భార్య, అత్తగారు. దీపావళి ముందు చాదర్‌ఘాట్‌లో చెల్లెలికి జబ్బు చేసిందని పెద్దమ్మ బయల్దేరుతూ, కొట్టుగది తాళంచెవి నా చేతిలో పెట్టింది. "వాళ్లకియ్యకు. భయానికి దాన్ని ఏమన్న చేస్తరు. నీకైతే ఎరుక." ఫికర్ చేయొద్దన్నాను.

నాలుగో రోజు లెక్చరరు నా గుమ్మంలోకి వచ్చాడు. పండక్కి బూజులు దులుపుతున్నారట, కొట్టుగదీ తియ్యాలట. "అందులో పాముందటగా! మా అత్తగారికి రెండ్రోజులుగా అన్నం సహించడం లేదు." జెర్రిపోతండీ, విషం ఉండదన్నాను. "జెర్రిపోతు ఉన్నచోటికి నాగుపాము జతకు వస్తుందయ్యా, ఆ మాత్రం తెలీదా?" పుస్తకంలో అలా లేదన్నాను. ఆయన చాలా మర్యాదగా నవ్వాడు. "ఇంతకీ మీరెంతవరకు చదువుకున్నారు?"

అంతే. నా నాలుగు నెలల డిక్షనరీ గంగలో కలిసింది. పుస్తకం తెచ్చి ఆయన ముందు పడెయ్యాల్సినవాణ్ణి, తాళంచెవి తెచ్చి చేతిలో పెట్టాను. ఆయనా, పండక్కి వచ్చిన ఆయన బావమరిదీ బట్టలారేసే వెదురుగడతో దాన్ని కొట్టారు. అది కాటుకు రాలేదు, బుస కొట్టి బస్తాల వెనక్కి దూరింది. దూరిన చోటే చచ్చింది. సాయంత్రానికి సాలెపురుగులు కూడా లేవు. ఇల్లు ఇప్పుడు ఇల్లులా ఉందని అత్తగారు మెచ్చుకున్నారు.

పెద్దమ్మ వాళ్లు శ్రావణంలో నాగపంచమికే పుట్టలో పాలు పోసేశారు. మా వైపు దీపావళి వెళ్లాక వచ్చే నాగుల చవితికి పోస్తారు. ఆ చవితి పొద్దున వాన. పుట్ట కావాలంటే పబ్లిక్ గార్డెన్ దాకా నడవాలి. అత్తగారికి ఉపాయం తట్టింది. పట్టుచీర కట్టి, కూతుర్ని వెంటేసుకుని, పాలచెంబూ నువ్వుల చిమ్మిలి పళ్లెమూ పట్టుకుని కొట్టుగది గోడ కింద కన్నం ముందు కూర్చున్నారు. పాము తిరిగిన కన్నమే కదా, పుట్టతో సమానమట! చంపించి పది రోజులైనా కాలేదు. "నాగేంద్రా, చల్లగా చూడు తండ్రీ" అంటూ పాలు వంపుతుంటే, పెద్దమ్మ రిక్షా దిగి లోపలికొచ్చింది.

పాలు చూసింది, బార్లా తీసున్న తలుపు చూసింది. "ఎవ్వలికి పోస్తున్నవమ్మా? గాడ ఎవ్వలున్నరని?"

"పండగపూట ఆ మాటలేంటండీ, అశుభం!" అని అత్తగారు విసుక్కున్నారు.

పెద్దమ్మ ఆమెను వదిలేసి నా వైపు తిరిగింది. "సారు కొట్టుగది చాబి గుంజుకున్నడా?"

"లేదు పెద్దమ్మా. అడిగాడు."

"అడిగితే ఇచ్చినవా?" వెళ్లి కొట్టుగది తలుపు దగ్గరగా వేసింది. "గంత పుస్తకం చదివితివి గదా బిడ్డా."

తిట్టి ఉంటే బాగుండేది. నేను ఇల్లు మారేదాకా నాతో మామూలుగానే మాట్లాడింది, ఊరెళ్తే మాత్రం తాళంచెవి కొంగున కట్టుకునే వెళ్లింది. ఆ లెక్చరరుతో నేను ఇన్నేళ్లుగా మనసులో వాదిస్తూనే ఉన్నాను. ప్రతిసారీ గెలుస్తాను, పేజీ నంబరుతో సహా. ఆయన పోయాడు, అంతకు ముందే పెద్దమ్మ పోయింది. రోజులు గడిస్తే కోపం తగ్గుతుందంటారు, అబద్ధం. కాలం నా కోపాన్ని ముట్టుకోలేదు. కోప్పడాల్సినవాళ్లని ఒక్కొక్కర్నే తీసుకుపోయి, చివరికి నన్నొక్కణ్ణి దాని ముందు నిలబెట్టింది.