కలిబ్బాల గారు చిక్కుళ్లు మానేసిన వైనం

ప్రొఫెసర్ కలిబ్బాల గారికి ఒకటే పిచ్చి. కంటికి కనబడిన ప్రతిదాన్నీ వంశం అడగాలి. అడగకపోతే ఆ పూట ఆయనకి తిన్నది అరగదు.

మనుషుల్ని అడగడంలో వింతేం లేదు. ఉగాండాలో మా బుగాండా వాళ్లం ఎక్కడ కలిసినా తండ్రి పేరు, తాత పేరు, వంశం పేరు చెప్పుకుంటాం. ఒక్కో వంశానికి ఒక్కో గుర్తు. మిడత వంశం, కోతి వంశం, బురదచేప వంశం, ఇలా. ఎవరి గుర్తుని వాళ్లు తినరు. ఎవరి వంశంలో వాళ్లు పెళ్లి చేసుకోరు. ఇంతవరకూ బాగానే ఉంది. ఈయన కుర్చీని కూడా అడిగేవారు. గొడుగుని అడిగేవారు. నా గిన్నెలో ఉడుకుతున్న కోడిని అడిగేవారు.

కంపాలాలో ఆయన పనిచేసే యూనివర్సిటీలో, జీవశాస్త్ర విభాగం వెనక గుమ్మం దగ్గర ఉన్న క్యాంటీన్ నాదే. కవలల్ని కన్నాను కాబట్టి అందరూ నన్ను నలొంగో అంటారు. కవలల తల్లి అని. నా అసలు పేరు నా మొగుడు కూడా మర్చిపోయాడు.

"నలొంగో, ఈ కోడి తల్లి ఎవరు?" అని మూత ఎత్తి అడిగేవారు ప్రొఫెసర్.

"మొన్న మీరు తిన్నదే, సెబో." మగవాళ్లని మర్యాదగా మేం అలాగే పిలుస్తాం.

"మరి తండ్రి?"

"పక్కింట్లో తిరుగుతున్నాడు. రేపు తెస్తా."

"వంశం మొత్తం నాశనం చేస్తున్నావే!" అని గుండె మీద చెయ్యి వేసుకుని, రెండు ముక్కలు ఎక్కువ వేయించుకునేవారు.

ఒకసారి అద్దె మోటార్ సైకిల్ ఎక్కబోతూ దాన్ని నడిపే కుర్రాణ్ణి వంశం అడిగారు. వాడిదీ మిడత వంశమే, ఈయనదీ మిడత వంశమే. ఇంకేముంది, "తమ్ముడూ!" అని వాటేసుకుని, నా క్యాంటీన్‌లో కూర్చోబెట్టి, పది తరాల వెనక్కి వెళ్లిపోయారు. వాళ్లు మళ్లీ ఈ కాలంలోకి వచ్చేసరికి ఈయన క్లాసు అయిపోయింది, వాడి బండిని పోలీసులు పట్టుకుపోయారు.

నవంబర్ వచ్చిందంటే ఊరంతా మిడతలు వేపుకుని కరకర నములుతుంది. ఆ నెలంతా ఈయన ముక్కుకి గుడ్డ కట్టుకుని తిరిగేవారు. "నా బంధువుల్ని ఉల్లిపాయలతో వేపుతున్నారు నలొంగో, నీకు మనసెలా ఒప్పింది?" అనేవారు. "ఉప్పు కూడా వేశాను సెబో" అనేదాన్ని.

ఇంతకీ ఆయన అసలు పని చిక్కుడు గింజలు. ఎర్ర గింజ మొక్కకీ తెల్ల గింజ మొక్కకీ పెళ్లి చేసి, పుట్టిన పిల్లల్లో తాత పోలిక ఎంత, అమ్మమ్మ పోలిక ఎంత అని చూడటం. జన్యుశాస్త్రం అంటారట. నాకైతే పెళ్లిళ్ల పేరయ్య పనిలాగే కనబడేది.

ప్రతి గురువారం మధ్యాహ్నం సెమినార్. టీ నాది, మాటలు వాళ్లవి. ప్రొఫెసర్ అక్కడ ఒక ఆచారం పెట్టారు. మాట్లాడటానికి లేచినవాళ్లు ముందు తమ వంశం చెప్పాలి, తర్వాత తమ చిక్కుళ్ల వంశం చెప్పాలి, ఆ తర్వాతే చదువు సంగతి. ఎక్కడో మంచు దేశం నుంచి వచ్చిన పెద్ద శాస్త్రవేత్త తాత పేరు దగ్గరే ఆగిపోతే, ప్రొఫెసర్ ఆయన చెయ్యి పట్టుకుని, "దిగులుపడకండి, మీ ఊళ్లో ముసలివాళ్లని అడిగితే ముత్తాతలు దొరుకుతారు" అని ఓదార్చారు.

ఓచాన్ అని ఉత్తరాన గులు నుంచి వచ్చిన కుర్రాడు ఒకడుండేవాడు. ఆయన దగ్గరే పరిశోధన. వాడు ఒక గురువారం లేచి, తన వంశం గడగడా చెప్పేసి, "ఇది నా చారల చిక్కుడు. తల్లి మసాకా ఊరి ఎర్రది. తండ్రి కబాలే ఊరి తెల్లది. అమ్మమ్మ తెగులొచ్చి పోయింది" అన్నాడు.

ప్రొఫెసర్ టోపీ తీసి లేచి నిలబడ్డారు. "అయ్యో! ఎప్పుడు పోయింది?"

"పోయిన వానల్లో, ప్రొఫెసర్."

"నాకు కబురు చెయ్యొద్దూ!"

హాలంతా లేచి నిలబడి ఆ చిక్కుడు అమ్మమ్మ కోసం మౌనం పాటించింది. నేను టీ గరిటె పట్టుకుని నిలబడ్డాను. ఏం చేస్తాం, పెద్దవాళ్లు నిలబడ్డాక.

ఇలా ఉండగా కిసాచే వచ్చింది. ఆయన దగ్గర పరిశోధన చెయ్యడానికి కొత్తగా చేరిన పిల్ల. మా వాళ్లలో పేరు వింటే చాలు, ఏ వంశమో తెలిసిపోతుంది. కిసాచే అంటే దేవుడి దయ. ఆ పేరు ఏ వంశంలోనిదీ కాదు. బస్టాండు బెంచీ కింద ఎవరో వదిలేసి వెళ్తే, అనాథాశ్రమం వాళ్లు తెచ్చి పెంచి పెట్టిన పేరు. ఈ సంగతి తనే నాకు చెప్పింది, చిక్కుడు పులుసు కలుపుకుంటూ, వేరే ఎవరి కథో చెప్పినట్టు.

సెమినార్లో తన వంతు దగ్గరపడుతోందనగా వంటింట్లోకి దూరింది.

"నలొంగో, గురువారం టీలో ఏదన్నా కలపగలవా? అందరికీ కాస్త కడుపునొప్పి వచ్చేలాగ?"

"నా క్యాంటీన్ మూయిస్తావా పిల్లా! ఏమైందే?"

"ముందు వంశం చెప్పమంటారు కదా. అందరి ముందూ లేచి, నాకు లేదని చెప్పాలా? పోనీ సెమినార్ ఎగ్గొడదామంటే పట్టా రాదు. మానేసి వెళ్లిపోతా నలొంగో. ఆశ్రమంలో పిల్లలకి లెక్కలు చెప్పుకుని బతుకుతా."

నాకు ఒళ్లు మండిపోయింది. పోయి ప్రొఫెసర్‌ని దులిపేశాను. "మీ ఆచారం తగలెయ్య! తల్లీతండ్రీ తెలియని పిల్ల ఏం చెప్తుంది సెబో?"

ఆయన టీ కప్పు కింద పెట్టేశారు. అంతమందిని అడిగినాయనకి ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదట.

గురువారం వచ్చింది. కిసాచే లేచి నిలబడింది. అందరూ వంశం కోసం చెవులు రిక్కించారు. ఆ పిల్ల నోరు తెరవబోతుండగా ప్రొఫెసర్ బెంచీ ఎక్కి "పాము! పాము!" అని కేకపెట్టారు.

వేరే చోటైతే జనం బయటికి పరిగెత్తేవారు. అది జీవశాస్త్ర విభాగం. జనం పాము కోసం లోపలికి పరిగెత్తారు. పక్క గదుల వాళ్లు సీసాలు, సంచులు పట్టుకుని వచ్చారు. "ఏ జాతిది?" "ఆడదా, మగదా?" "నాకివ్వండి, నేను ముందొచ్చాను!" బల్లలన్నీ తిరగేశారు. పాము లేదని తేలేసరికి ఒకాయనకి ఏడుపొక్కటే తక్కువ. ఆ గోలలో వంశం మాట అందరూ మర్చిపోయారు. కిసాచే నేరుగా గింజల సంగతి చెప్పేసి కూర్చుంది.

మర్నాడు ప్రొఫెసర్ ఆ పిల్లని తీసుకుని నా క్యాంటీన్‌కి వచ్చారు. మూల బల్ల దగ్గర ఇద్దరూ గుసగుసలాడుకున్నారు. చిక్కుడు పులుసు, మొక్కజొన్న ముద్ద తెమ్మన్నారు. తిన్నారు. ఇంకో పళ్లెం అన్నారు. తిన్నారు. మళ్లీ తెమ్మన్నారు. ఆఖరి గింజని చెంచాలో పెట్టుకుని చాలాసేపు చూసి, కళ్లు మూసుకుని నోట్లో వేసుకున్నారు. కళ్లలో నీళ్లు. మిరపకాయ ఎక్కువైందేమో అనుకున్నాను.

ఆ తర్వాతి రోజు నుంచి ఆయన చిక్కుడు గింజ ముట్టలేదు.

ఇరవై ఏళ్లుగా రోజూ నా చిక్కుడు పులుసు తిన్న మనిషి! "ఏం సెబో, ఉప్పు తక్కువైందా?" అంటే "లేదు." "రాయి తగిలిందా?" అంటే "లేదు." "మరేంటి?" అంటే గిన్నె వంక చూసి, మొహం తిప్పుకుని, "అవి నన్ను చూస్తున్నాయి నలొంగో" అన్నారు. కిసాచే కూడా మానేసింది. అడిగితే నవ్వుతుంది.

చిక్కుళ్ల ప్రొఫెసరే నలొంగో చిక్కుళ్లు తినడం లేదంటే జనం ఊరుకుంటారా? గింజల్లో ఏదో మందు కొట్టారన్నారు. ల్యాబులో మిగిలినవి వండుతోందన్నారు. గిన్నెడు పులుసు గిన్నెలోనే ఉండిపోయేది. ఓచాన్ ఒక్కడే రోజూ తినేవాడు, అదీ నా మీద ప్రేమతో కాదు. ఆ బల్ల దగ్గర కూర్చుంటే కిసాచే కనబడుతుంది. చెంచా చెవిలో పెట్టుకున్నా తెలిసేది కాదు వాడికి.

కిసాచే వంతు వచ్చినప్పుడల్లా ప్రొఫెసర్ వేషాలు మాత్రం ఆగలేదు. ఒకసారి నిప్పంటుకుంటే కొట్టే గంట కొట్టారు. ఒకసారి కుర్చీలోంచి జారి కిందపడి, "నేను బానే ఉన్నాను, నువ్వు గింజల దగ్గర్నుంచి మొదలుపెట్టు" అని నేల మీద నుంచే చెప్పారు. ముసలాయనకి మతి పోయిందని అందరూ జాలిపడ్డారు. నేనూ పడ్డాను. నా చిక్కుళ్లు వద్దన్నప్పుడే నాకు అనుమానం.

ఇలాగే మూడేళ్లు గడిచి, చివరికి కిసాచే ఆఖరి సెమినార్ వచ్చింది. అది గట్టెక్కితే డాక్టర్ కిసాచే. పరీక్ష చెయ్యడానికి వేరే యూనివర్సిటీ నుంచి డాక్టర్ బ్బోసా వచ్చారు. బురదచేప వంశం ఆయనది, మొహం కూడా చేపలాగే, నవ్వదు. ఈయన పాము సంగతి, గంట సంగతి అక్కడిదాకా పాకినట్టుంది.

"ప్రొఫెసర్ కలిబ్బాలా, ఇవాళ పాములు, గంటలు వద్దు. బెంచీ దిగండి" అన్నారు బ్బోసా. తర్వాత పిల్ల వైపు తిరిగారు. "మీ విభాగంలో మంచి ఆచారం ఉందట కదా. ముందు నీ వంశం చెప్పమ్మా."

తలుపు దగ్గర నేను టీ పొయ్యడం ఆపేశాను. ప్రొఫెసర్ లేచి, చేతులు పైకెత్తి "పా..." అన్నారు.

"కూర్చోండి ప్రొఫెసర్. ఇవాళ పాము అక్కర్లేదు" అంది కిసాచే.

గొంతు సవరించుకుని, పెళ్లిలో పెద్దవాళ్లు చెప్పినట్టు నిటారుగా నిలబడి చెప్పింది. "నేను కిసాచేని. నాకు చదువు చెప్పింది కలిబ్బాల. కలిబ్బాలకి చెప్పింది ముసలి వలుసింబి. మాది చిక్కుడు వంశం. మేం చిక్కుళ్లు నాటుతాం, పెంచుతాం, వాటికి పెళ్లిళ్లు చేస్తాం. తినం."

బ్బోసా కళ్లజోడు తీశారు. "చిక్కుడు వంశమా? అలాంటిదొకటి ఉందా?"

"ఉంది. దానికి పెద్దని నేనే" అన్నారు ప్రొఫెసర్.

"మీరు మిడత కదయ్యా!"

"పుట్టుక వల్ల మిడతని. పని వల్ల చిక్కుణ్ణి. పిల్లని మిడతల్లో కలుపుకుందామని మా పెద్దల దగ్గరికి వెళ్లాను. వాళ్లు మూడు మీటింగులు పెట్టుకుని టీలు తాగి, నాలుగోది పెట్టాలన్నారు. అందాకా పిల్ల నిలబడే ఉండాలా?"

"నోటితో వంశాలు పుట్టవు కలిబ్బాలా. సాక్ష్యం?"

"నలొంగోని అడగండి. గింజ ముట్టి ఎంత కాలమైందో."

అన్ని తలలూ నా వైపు తిరిగాయి. మూల బల్ల, మూడు పళ్లాలు, చెంచాలో ఆఖరి గింజ, కళ్లలో నీళ్లు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. మిరపకాయ కాదు!

"ముట్టలేదు సెబో!" అన్నాను బ్బోసాతో. "పిల్ల వచ్చిన ఏడాది నుంచి ముట్టలేదు. వాసనొస్తే పారిపోతున్నారు. నా వంట చెడిందని ఊరంతా అనుకుంటున్నా ఒక్కమాట చెప్పలేదు. ఏం ప్రొఫెసర్, నాకు చెబితే ఏం పోయేది?"

"నీకు చెబితే సాయంత్రానికి కంపాలా అంతా తెలిసేది" అన్నారాయన.

అది నిజమే అనుకోండి.

బ్బోసా కళ్లజోడు తుడిచి పెట్టుకున్నారు. చేప నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే. "నా గుర్తు చేప. చేప మానడం తేలికే. రోజూ తినే చిక్కుళ్లు మానడమంటే..." అని తలూపి, "సరే చిక్కుడు కూతురా, ఇప్పుడు నీ గింజల తల్లిదండ్రులెవరో చెప్పు" అన్నారు.

ఇక చూడండి ఆ పిల్లని! ఏటి నీళ్లు పారినట్టు చెప్పింది. ఏ గింజకి ఏ అమ్మమ్మ చార వచ్చిందో, ఏ తాత తెగులు తప్పిందో. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, ఒక్క ముక్క వదల్లేదు. బ్బోసా వేసిన ప్రశ్నలకి ఎదురు ప్రశ్నలు వేసింది. సాయంత్రానికి డాక్టర్ అయిపోయింది.

నా వంట మీద అనుమానం పోయింది గానీ, నాకు కొత్త కష్టం వచ్చిపడింది. మర్నాటికల్లా ల్యాబులో ఉన్నవాళ్లంతా మాదీ చిక్కుడు వంశమే అని గింజలు మానేశారు. తోటమాలి చేరాడు, గుమాస్తా చేరింది. నా పులుసు గిన్నె నిండుగా, నా మొహం ఖాళీగా కూర్చున్నాం.

అప్పుడు ఓచాన్ వచ్చాడు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని.

"నలొంగో, చిక్కుళ్లు వెయ్యి. గుట్టలాగ. అందరికీ కనబడాలి."

పళ్లెం తీసుకెళ్లి కిసాచే ఎదురుగా కూర్చుని, పైకప్పు ఎగిరేలా చప్పుడు చేస్తూ తినసాగాడు. ఆ పిల్ల నేల చూపులు చూస్తూ నవ్వుతోంది.

పక్క బల్ల నుంచి ప్రొఫెసర్ కోపంగా చూశారు. "ఏంరా ఓచాన్, అందరూ చేరారు, నువ్వు చిక్కుడు వంశంలో చేరవా?"

"చేరను ప్రొఫెసర్! చేరితే ఈవిడ నాకు చెల్లెలవుతుంది!"

ప్రొఫెసర్ మొహం వెలిగిపోయింది. కుర్చీ లాక్కుని వచ్చి, చొక్కా సర్దుకుని, పిల్ల తరఫు పెద్దలాగ కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

"అయితే చెప్పు నాయనా. నీ తండ్రి ఎవరు, తాత ఎవరు?"

"నాలుగేళ్ల నుంచి ప్రతి సెమినార్లో చెబుతూనే ఉన్నాను కదా!"

"అప్పుడు విన్నది ప్రొఫెసర్. ఇప్పుడు వింటున్నది పిల్ల పెద్ద. మొదలుపెట్టు."

వాడు ముత్తాత దాకా వచ్చేసరికి పళ్లెంలో పులుసు చల్లారిపోయింది. ప్రొఫెసర్ చూపు మాత్రం వాడి మొహం మీద లేదు, పళ్లెం మీదే ఉంది. కాసేపటికి నా వైపు వంగి, ఎవరికీ వినబడకుండా అడిగారు.

"నలొంగో, వాసన చూస్తే తప్పులేదు కదా?"

"వాసనకి వంశం లేదు సెబో" అని గిన్నె మూత తీసి ఆయన దగ్గరగా జరిపాను.